మలుపు మీద గుడ్డగోడలు

కిందటి వారం మనం పిచ్చుకని వీధి మలుపులోని ఖాళీ జాగాలో, చేతిలో సుద్దముక్కతో వదిలేసి వచ్చాం. ఆమె నేల మీద గీసిన గీత పైన కాలు పెట్టి మేనమామ నిలబడి ఉన్నాడు. "ఈ గీత చెరిపెయ్. నా కొట్టు పక్కన మరుగుదొడ్డి లేవడానికి వీల్లేదు," అన్నాడాయన.

కొత్తగా ఈ కథలోకి అడుగుపెట్టిన వాళ్ళ కోసం రెండు ముక్కలు. పిచ్చుక అన్నది ఆమె అసలు పేరు కాదు. తల్లి నర్సు. డ్యూటీకి వెళ్తూ రోజూ పిల్లని తమ్ముడి టైలరు కొట్లో దింపిపోయేది. ఆ పిల్ల కత్తిరింపు బల్ల కింద చేరి, రాలిపడ్డ గుడ్డపేలికలూ తెగిన దారాలూ పోగేసి గూళ్ళు కట్టేది. పిచ్చుకా అని మేనమామ పిలిచిన పిలుపు అలాగే నిలిచిపోయింది. ఇప్పుడామె ఆర్కిటెక్టు. ఆకాశాన్నంటే భవనాలు గీసే పెద్ద ఆఫీసు వదిలేసి, బస్సులు ఆగే ఈ మలుపులో నలుగురికీ పనికొచ్చే చిన్న మరుగుదొడ్డి కట్టిస్తానని పట్టుబట్టింది. తిరగని గుమ్మం లేకుండా తిరిగి మున్సిపాలిటీని ఒప్పించింది. ఒప్పుకోనిది ఒక్కడు. వీధిలో దుకాణాల వాళ్ళంతా ఎవరి మాట వెనక నడుస్తారో ఆ టైలరు మాస్టారు, ఆమె సొంత మామయ్య.

"చెరపను మామయ్యా," అంది పిచ్చుక ఆ రోజు, లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "రేపు మధ్యాహ్నానికి గోడలు నిలబెడతాను. ఒక్కసారి లోపలికొచ్చి తిరుగు. అప్పటికీ వద్దంటే నా చేత్తో నేనే చెరిపేస్తాను."

"ఒక్క రాత్రిలో గోడలేమిటే?"

"నువ్వు రా. చూద్దువుగాని."

అలా అన్న మాట ప్రకారం మర్నాడు ఎండ నడినెత్తికొచ్చే వేళకి ఆ ఖాళీ జాగాలో గోడలు లేచాయి. కర్రలు పాతి, తాళ్ళు కట్టి, వాటికి తెల్లటి గుడ్డ వేలాడదీసింది పిచ్చుక. గుమ్మాలున్న చోట గుడ్డ ఆపేసి, తలుపుకి బదులు విడిగా ఒక ముక్క వేలాడదీసింది. తొట్టి రావాల్సిన చోట బకెట్టు బోర్లించింది. బల్ల రావాల్సిన చోట టీ కొట్టు నుంచి అడిగి తెచ్చిన బెంచీ వేసింది. కిటికీలు రావాల్సిన చోట గుడ్డ మడిచి పిన్నీసులు పెట్టింది. గాలి వచ్చినప్పుడల్లా ఆ ఇల్లు మొత్తం ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంది.

భోజనం వేళ, బేరాలు పలచబడ్డాక, మెడలో టేపుతో మామయ్య వచ్చాడు. మొహం గంటు పెట్టుకునే వచ్చాడు. రావడం రావడమే గుడ్డ అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూశాడు.

"ఇది మన కొట్లో లైనింగు గుడ్డ కదూ!"

"అవును."

"ఎవరిచ్చారు?"

పిచ్చుక ఆకాశంకేసి చూసింది. మామయ్య కొట్టుకేసి చూశాడు. కొట్లో కాజాలు కుడుతున్న అత్తయ్య, ఏమీ ఎరగనట్టు సూదిలోకి దారం ఎక్కించుకోవడంలో మునిగిపోయింది.

"ఇంటి దొంగలు," అన్నాడు మామయ్య. "సరే, చూపించు."

రోడ్డు మీద నిలబడితే లోపలి గుమ్మాలేవీ కనపడవు. బెంచీ కనిపిస్తుంది, తొట్టి కనిపిస్తుంది, వాటి వెనక ఒక గోడ. ఆ గోడని ఒరుసుకుని పక్కకి తిరిగితే గదులు.

"బెంచీ ఎందుకు? ఇక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారా జనం?"

"చెప్పుకోనీ. లోపలికి వెళ్ళినవాళ్ళ సంచులు పట్టుకుని ఎవరో ఒకరు బయట నిలబడతారు కదా మామయ్యా. ఎటు చూడాలో తెలీక పాపం గోడకేసి చూస్తూ నిలబడతారు. కూర్చుంటే వాళ్ళు మామూలు మనుషుల్లా ఉంటారు."

"చేతులు కడుక్కునే తొట్టి బయటికెందుకు లాక్కొచ్చావు?"

"కొళాయి దగ్గర ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. ఒకరు పండు కడుక్కుంటారు, ఒకరు మొహం కడుక్కుంటారు. మనుషులు మసిలే చోట ఒంటరి ఆడపిల్లకి భయం ఉండదు. పైగా, ఎవరైనా ఇటు నడిచొస్తుంటే దేనికి వెళ్తున్నారో ఎవరికీ తెలీదు. చేతులు కడుక్కోడానికనుకుంటారు."

మామయ్య గోడ దాటి లోపలికి తిరిగాడు. పిచ్చుక వెనకే నడిచింది. పెద్ద పెద్ద ఇంజనీర్ల ముందు బొమ్మలు పరిచి గంటలకొద్దీ మాట్లాడింది గానీ, ఈ ఒక్క మనిషి కనుబొమ్మల కేసి చూసినంత భయంగా ఎవరి మొహంకేసీ చూడలేదు.

"వాసనో?" అన్నాడాయన. అసలు ప్రశ్న అదే. "నా కొట్లో పెళ్ళికూతుళ్ళు బట్టలకి కొలతలిస్తారు. వాళ్ళ ముక్కులు మూయించమంటావా?"

"పైకి చూడు."

ఆయన తలెత్తాడు. కప్పు కోసం కట్టిన గుడ్డ గోడల మీద ఆనడం లేదు. గోడకీ కప్పుకీ మధ్య మూరెడు ఖాళీ ఉంది. అందులోంచి ఎండ లోపలికి జారి, నేల మీద చాపలా పరుచుకుంది.

"గాలి ఆగదు. నేల తడిగా ఉండదు. తడి లేని చోట వాసన నిలవదు. ఇక్కడ శుభ్రం చేసే ఆవిడకి అదిగో ఆ పక్క గది. కిటికీ, కుర్చీ, ఫ్యాను. చీపుళ్ళ మధ్య కూర్చోబెట్టి శుభ్రంగా ఉంచమంటే ఎవరికి మనసొస్తుంది?"

మామయ్య గదిలో నిలబడి చేతులు చాచాడు. అటు గుడ్డ తగల్లేదు, ఇటు తగల్లేదు.

"వదులెక్కువైంది," అన్నాడు.

"చొక్కాకి చంక కింద వదులెందుకు పెడతావు నువ్వు?"

"పెట్టకపోతే చెయ్యెత్తడమెలా?"

"ఇక్కడా అంతే. సంచి దించుకోవాలి, బట్టలు సర్దుకోవాలి, చంకలో పిల్లని దింపాలి. అటు పక్కది ఇంకా వదులు, చక్రాల కుర్చీ లోపల తిరగాలి కనక. నాకు చదువు చెప్పినవాళ్ళు గోడలు నేర్పారు మామయ్యా. ఒంటికి ఎంత వదులు కావాలో మాత్రం నీ బల్ల కింద కూర్చునే నేర్చుకున్నాను."

మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయనకి పొగడ్త పడదు. చొక్కా కింద చీమ పాకినట్టు కదిలిపోతాడు. కర్రకి వేలాడుతున్న కొక్కెం మీద చెయ్యి వేశాడు. అది సంచి తగిలించుకోవడానికి.

"ఇది ఇంకాస్త కిందకి దించు. ఇంత ఎత్తయితే మీ అత్తయ్యకి అందదు." అనేశాక ఆ మాట ఎక్కడికి పోయిందో తెలిసి గతుక్కుమన్నాడు. "అంటే, కడితే సంగతి. కట్టనివ్వను, అది వేరే."

పిచ్చుక పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

అప్పుడే గుడ్డ పక్కకి జరుపుకుని అత్తయ్య వచ్చింది. చేతిలో ఇంకా కాజా కుట్టాల్సిన చొక్కా ఉంది.

"అన్నం చల్లారిపోతోందండీ. ఏమిటీ, గుడ్డ గదిలో గృహప్రవేశమా?"

"రా అత్తయ్యా, నువ్వూ చూడు. ఏది బాగోలేదో చెప్పు," అంది పిచ్చుక.

వీళ్ళిద్దరూ బయటికొస్తే అత్తయ్య ఆ గది గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగింది. చొక్కా మామయ్య చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. వెనకాల గుడ్డ తలుపు దగ్గరికి లాక్కుంది.

వీళ్ళిద్దరూ బయట నిలబడ్డారు. ఎండలో ఆమె నీడ గుడ్డ మీద పడుతోంది. సంచి లేని చేత్తోనే, మునివేళ్ళ మీద లేచి కొక్కెం అందుకుని చూసింది. పైకి చూసింది. ఆ తర్వాత ఊరికే నిలబడిపోయింది.

మామయ్య కాసేపు చూసి ఇక ఉండబట్టలేక గొంతెత్తాడు. "ఏమే, మీ అక్క ఇంటికి వెళ్ళినట్టు వెళ్ళావు! ఇక రావా?"

ఇది ఆయన పాత హాస్యం. రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి అత్తయ్య పక్క సందులో ఉన్న అక్కగారింటికి వెళ్ళి రావడం, "మా ఆవిడ అన్నం లేకపోయినా ఉండగలదు గానీ అక్కని చూడకపోతే ఉండలేదండీ" అని మామయ్య బేరానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించడం, ఏళ్ళ తరబడి ఆ కొట్లో జరుగుతూ వచ్చింది. పిచ్చుక కూడా చిన్నప్పటి నుంచి విని నవ్విందే.

గుడ్డ తొలగింది. అత్తయ్య బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవలేదు. ఎవరో పిలిస్తే ఉలిక్కిపడి లేచిన మనిషిలా ఉంది.

"నేను మా అక్కని చూడ్డానికి వెళ్ళేదాన్నని ఎవరు చెప్పారు మీకు?" అంది.

"ఎవరు చెప్పడమేమిటే? రోజూ వెళ్ళేదానివి కదా!"

"ఆవిడకీ నాకూ చిన్నప్పటి నుంచీ పడదు. ఒక గదిలో పావుగంట కూర్చుంటే మూడు మాటలకి నాలుగు దెబ్బలాటలు. ఆవిణ్ణి చూడకపోతే ఉండలేకపోవడమేమిటండీ, నా మొహం!"

"మరి?"

అత్తయ్య ఒకసారి పిచ్చుక వైపు చూసింది. మొగుడి ముందు ఎప్పుడూ ఎత్తని మాట ఎత్తడానికి మేనకోడలి మొహంలో కాస్త ధైర్యం వెతుక్కున్నట్టుంది.

"ఆవిడ ఇంట్లో దొడ్డి ఉంది. మన కొట్లో లేదు. అంతే. ఇంతే సంగతి."

మామయ్య చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"మనిల్లు రెండు బస్సులవతల. మీరు మగవాళ్ళు, టీ కొట్టు వెనక్కి వెళ్ళొస్తారు. నేనెక్కడికి వెళ్ళాలి? అక్క తలుపు తీస్తూనే 'వచ్చావా?' అనేది. ఆ 'వచ్చావా'లో ఎంత కారం ఉండేదో మీకు తెలీదు. వెళ్ళగానే పని చూసుకుని వచ్చేస్తే బాగుంటుందా? అందుకని కూర్చునేదాన్ని. ఆవిడ కోడలి మీద చెప్పే చాడీలన్నీ వినేదాన్ని. కూరగాయలు తరిగిపెట్టేదాన్ని. వచ్చేప్పుడు ఆవిడ పాత జాకెట్లు చేతిలో పెట్టేది, వదులు చేసి తెమ్మని. మీరేమో కొట్లో నలుగురిలో నన్ను అక్కపిచ్చిదాన్ని చేసి నవ్వేవారు."

"నాకు చెప్పచ్చు కదే," అన్నాడు మామయ్య. గొంతు చాలా చిన్నదైపోయింది.

"ఏమని చెప్పను? దీని గురించి మొగుడితో మాట్లాడతారా ఎవరైనా?"

పిచ్చుకకి అప్పుడొక సంగతి తట్టింది. ఆ అక్కగారు కొడుకుతో పాటు ఊరవతలికి ఇల్లు మారిపోయారు. ఎండాకాలంలోనే.

"అత్తయ్యా, మరి ఇప్పుడెలా చేస్తున్నావు?"

"ఏముంది, పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే మంచినీళ్ళు ఆపేస్తా. మళ్ళీ ఇంటికెళ్ళేదాకా నీళ్ళు ముట్టను."

"డాక్టరు నీళ్ళు ఎక్కువ తాగమన్నాడు కదే!" మామయ్య గాభరాగా అందుకున్నాడు. "రెండుసార్లు జ్వరం వచ్చి పడిపోయావు. నేను సీసా కొనిచ్చాను. రోజూ నింపి నీ పక్కన పెడుతున్నాను. రోజూ ఖాళీ అవుతోందిగా!"

అత్తయ్య తల వంచుకుంది. "కొట్టు ముందు కుండీలో తీగమొక్కకి పోస్తున్నా."

మామయ్య మెల్లిగా కొట్టు వైపు తిరిగి చూశాడు. గుమ్మం పక్కన ఆ మొక్క నిగనిగలాడుతూ, షట్టరు ఎత్తుకి ఎగబాకి, కొమ్మకొమ్మకీ మొగ్గలేసుకుని నిలబడి ఉంది. నిన్నగాక మొన్ననే ఆయన దాన్ని చూపించి, తన చేతి చలవ అని ఒక బేరగత్తెతో గొప్పలు చెప్పుకున్నాడు.

"దాని వైభవం ఇందుకా," అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు సగంలోనే విరిగిపోయింది. బెంచీ మీద కూలబడ్డాడు. అత్తయ్య కూడా పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ ఆయన మెడలో టేపు తీసి చుట్ట చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం చేస్తుంటే, అత్తయ్య చెయ్యి చాచి దాన్ని తీసేసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

గెలిచానన్న సంతోషం ఎంత వెతికినా పిచ్చుకకి దొరకలేదు. ఈ అత్తయ్య చేతి ముద్దలు తింటూ, ఈ అత్తయ్య పక్కనే కూర్చుని పెరిగి, మనుషులకి ఏం కావాలో ఊరంతా తిరిగి అడిగి వచ్చింది తను. పక్కనున్న మనిషిని అడగనేలేదు.

అంతలో బస్సు ఆగింది. దిగినవాళ్ళలోంచి ఒకావిడ ఒక చేత్తో పెద్ద సంచి, ఇంకో చేత్తో చిన్నపాపని లాక్కుంటూ తిన్నగా వీళ్ళ వైపు వచ్చింది. పాప మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని గెంతుతోంది.

"తెరిచారా అండీ? లోపలికి వెళ్ళచ్చా?"

పిచ్చుక నోరు తెరిచేలోగా ఆవిడ గుడ్డ తొలగించి లోపలికి చూసేసింది. సుద్దగీతలు, మట్టి. ఆవిడ మొహం పాలిపోయింది.

"అయ్యో, ఇంకా కట్టలేదా?"

ఆ ప్రశ్న సూటిగా బెంచీ మీదున్న మామయ్యకి తగిలింది. పెద్దమనిషి కదా, ఆయన్నే అడిగింది ఆవిడ. ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు.

"లేదమ్మా, ఇంకా లేదు."

"ఎప్పుడు కడతారు?"

మామయ్య గుడ్డగోడల కేసి చూశాడు, పాప మొహంకేసి చూశాడు, ఆఖర్న పెళ్ళాం వైపు చూశాడు.

"కడతామమ్మా," అన్నాడు. "తొందర్లోనే కట్టేస్తాం."

పిచ్చుక మనసు ఆ 'కడతాం' దగ్గరే ఆగిపోయింది. కడతారు అనలేదు, కడుతుంది అనలేదు. తనని తాను కలిపేసుకున్నాడు.

అత్తయ్య అప్పటికే పాప చెయ్యి పట్టుకుంది. "రండి, ఆ మేడ మీద పళ్ళ డాక్టరు ఉన్నాడు. రోజూ వెళ్తే బాగోదు గానీ, పసిదాన్ని చూపించి ఒకసారి అడిగితే కాదనరు." ముగ్గురూ గబగబా రోడ్డు దాటారు.

"ఆ కొక్కెం," అన్నాడు మామయ్య వాళ్ళు వెళ్ళిన వైపే చూస్తూ, "ఒకటి చాలదు. పిల్లతో వచ్చినావిడకి రెండు సంచులుంటాయి. రెండు పెట్టించు. తొట్టి పక్కన పాపలకి అందేట్టు ఇంకో బుల్లి తొట్టి. బెంచీకి వీపు ఆన్చుకునేందుకు చెక్క. కొట్టు వైపు గోడ మీదకి మన తీగ ఎక్కిద్దాం. చూడ్డానికీ బాగుంటుంది."

"మామయ్యా!"

"ఏం మామయ్యా? చేతిలో పెన్సిలు పెట్టుకుని అలా చూస్తావేం, రాసుకో."

పిచ్చుక నిజంగానే రాసుకోవడం మొదలుపెట్టింది. అక్షరాలు చెదిరిపోతున్నాయి; కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసింది. అత్తయ్య తిరిగొచ్చేసరికి మేనమామా మేనకోడలూ బెంచీ ఎత్తు గురించి పోట్లాడుకుంటున్నారు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది.

"ఇందాక వద్దన్నది ఎవరు, ఇప్పుడు కొలతలు చెప్తున్నది ఎవరు?" అంది.

"నువ్వూరుకో," అన్నాడు మామయ్య. ఆ మాటలో ఎంత ముద్దుందంటే, అత్తయ్య నిజంగానే ఊరుకుంది.

స్కూటరు చప్పుడయింది. వార్డు కౌన్సిలరమ్మ దగ్గర పనిచేసే గుమాస్తా దిగాడు. పెళ్ళిపిలుపుకి వచ్చినవాడిలా మొహమంతా నవ్వు.

"మాస్టారూ, శుభవార్త! మీ మాట అమ్మగారు ఎప్పుడైనా కాదన్నారా? పొద్దున్న మీరు వచ్చి చెప్పి వెళ్ళారో లేదో, ఫోను చేసేశారు. ఈ దొడ్డి ఇక్కడ రాదు. మార్కెట్టు వెనక, చెత్తకుప్పల అవతలికి మార్చేశారు. ఈ జాగాలో మోటారు సైకిళ్ళు పెట్టుకునే స్టాండు. సాయంత్రం మీటింగులో అందరి ముందూ చెప్పేస్తారు. ఇక మీరు నిశ్చింతగా ఉండండి!"

పిచ్చుక చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"పొద్దున్న గుండీలు కొనుక్కొస్తానని కదండీ వెళ్ళారు?" అంది అత్తయ్య.

మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. మేనకోడలి వైపు చూడ్డానికి ప్రయత్నించి చూడలేకపోయాడు. "పిచ్చుకా," అన్నాడు. గోడలు చూడకముందే, లోపల ఒక్కసారి తిరగకముందే, 'చూద్దువుగాని' అని ఆమె అన్న మాట ఇంకా చెవిలో ఉండగానే వెళ్ళి చెప్పేసి వచ్చాడన్నమాట.

"వెళ్దాం పద," అన్నాడు గుమాస్తాతో. "వద్దన్నదీ నేనే, కావాలంటున్నదీ నేనేనని ఆవిడతోనే చెప్తాను."

"ఇప్పుడా? ఎలా కుదురుతుంది మాస్టారూ! స్టాండు కట్టే ఆయన్ని కూడా పిలిపించేశారు. అమ్మగారు ఒకసారి మాటిచ్చాక..."

"నువ్వు స్కూటరు తియ్యి."

"ఆగండి," అంది అత్తయ్య. కొట్లోకి వెళ్ళి, దీపాలార్పి, రెండు చేతులతో షట్టరు కిందకి లాగేసింది. మిట్టమధ్యాహ్నం వేళ ఆ షట్టరు దిగిన చప్పుడుకి ఎదురు కొట్ల వాళ్ళు బయటికొచ్చి చూశారు. "మీరు మాట్లాడాల్సింది పొద్దున్నే మాట్లాడేశారు. ఇప్పుడు మాట్లాడేది నేను."

మామయ్య పక్కకి తప్పుకున్నాడు.

పిచ్చుక వాళ్ళ వెనక అడుగు వేయబోతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు. అటు నుంచి ఆడగొంతు, మెల్లిగా, చేతులడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టు వినిపించింది.

"నేనమ్మా, కౌన్సిలర్ని. మీ మామయ్య పక్కనే ఉన్నారా? ఉంటే కాస్త ఇవతలికి రా. ఆ జాగా ఎందుకు మార్చానో నీకొక్కదానికే చెప్పాలి. మీ మామయ్య అడిగారని మాత్రం కాదు."